ఎనభై గడుల అవతల వాన

మా వదిన మబ్బుల లెక్కలు చూసే ఆఫీసులో పని చేస్తుంది. మబ్బుల్ని స్వయంగా చూసేది వేరే మనుషులు. వాళ్లు కొండల మీదా, తీరం వెంబడీ చిన్న చిన్న గదుల్లో కూర్చుని ఉంటారు. వాళ్లు పంపిన లెక్కలన్నీ ఒకచోట చేర్చి, వరసలో నిలబెట్టి, పొద్దున తొమ్మిదింటికల్లా పెద్దసారు బల్ల మీదికి కాగితంగా పంపే ప్రోగ్రాము ఆవిడది. సి భాషలో రాసింది. ఇరవై రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో రాసింది. ఆ ఏడాదే ఆవిడ మా ఇంటికి కోడలిగా వచ్చింది, ఆ ఏడాదే నేను చదువు మానేశాను. ఈ రెండింట్లో ఇంటికి ఎక్కువ మేలు చేసింది ఏదో మా అమ్మ ఇప్పటికీ తేల్చుకోలేదు.

నేను అదే ఆఫీసులో జీపు నడుపుతాను. కాలేజీలో రెండో ఏడాది దాకా కంప్యూటర్లే చదివాను. సి భాష పుస్తకంలో నూట నలభయ్యో పేజీ దాకా ధైర్యంగా వెళ్లి, అక్కడ పాయింటర్లు ఎదురుపడగానే గౌరవంగా దారిచ్చి వెనక్కి తిరిగాను. అందుకని వదిన నన్ను ‘సగం చదువూ’ అని పిలుస్తుంది. పిలవనీయండి. జీపు సంగతిలో మాత్రం నాకు సాటి ఈ ఆఫీసులోనే కాదు, ఏ ఆఫీసులోనూ లేడు. ఒకసారి నిద్రపోతూ కొండెక్కించాను. దిగేటప్పుడు మెలకువగానే ఉన్నాను. తప్పదు మరి, అప్పుడు జీపు నిద్రపోతోంది.

వదిన గది మూడో అంతస్తులో చివరిది. తలుపు కంటే కిటికీ పెద్దది. బల్ల మీద ఒక కంప్యూటరు, పక్కన అంచులకు రంధ్రాలున్న కాగితాన్ని మింగి కక్కే పాత ప్రింటరు. ఆవిడ ప్రోగ్రాముని తెర మీద చదవదు. అచ్చు తీసి, నేల మీద గది పొడుగునా పరిచి, చెప్పులు విప్పి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కాలవ గట్టు మీద నడిచినట్టు దాని వెంబడి నడుస్తుంది. మధ్యలో ఎక్కడో ఆగి కిటికీ వైపు చూస్తుంది. అప్పుడు పిలిస్తే పలకదు. ఓ నిమిషం గడిచాక, అప్పుడే ఊరి నుంచి బస్సు దిగినట్టు, “ఆఁ?” అంటుంది. మా అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు, రోజుకి మూడు మాటలు మాట్లాడతాడు, వాటిలో రెండు గడియారాలతోనే. ఆ ఒక్క మాటతో, ఈ ఒక్క ‘ఆఁ’తో వాళ్ల కాపురం ఇరవై రెండేళ్లు నడిచింది. మధ్యలో మాట్లాడే బరువంతా నా మీద పడింది, మోస్తున్నాను.

ఆవిడ ప్రోగ్రాముకి మంచి పేరు. ఇరవై ఒక్క ఏళ్లు ఒక్క రోజు ఆగలేదు. పెద్దసార్లు ఆరుగురు మారారు, ప్రోగ్రాము మారలేదు. వదినకి గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు, ఆ లోటు కూడా నేనే తీర్చేవాణ్ణి.

ఇక కొండ మీద మనిషి. ఆఫీసులో అందరూ ఆయన్ని మబ్బులాయన అంటారు. ఇరవై ఆరేళ్లుగా కొండ కొమ్మున ఒక రాతి గదిలో ఉంటాడు. రోజూ ఎనిమిదిన్నరకి వాన ఎంత, గాలి ఎటు, వేడి ఎంత అని అంకెలు పంపి, చివర ఆకాశం ఎలా ఉందో ఒక మాట పంపాలి. వెనకటికి ఇవన్నీ వైర్‌లెస్ సెట్టులో చెప్పేవాడు. కింద ఆఫీసులో విని టైపు చేసే ఆపరేటరుని మేం కత్తెర అనేవాళ్లం. మబ్బులాయన అటు నుంచి “తూర్పున మబ్బులు దువ్వని జుట్టులా రేగి ఉన్నాయి, పడమట ఇప్పుడే తుడిచిన నేలలా ఉంది, మధ్యాహ్నానికి గాలి తిరగబడుతుంది” అంటే, కత్తెర ఇటు “మబ్బు. గాలి.” అని రెండు దెబ్బలు కొట్టి లేచేవాడు.

ఏడాది కిందట కత్తెర రిటైరయ్యాడు. ఆయనతో పాటు వైర్‌లెస్ సెట్టూ రిటైరయింది. కొండ మీదికి కీబోర్డు ఉన్న చిన్న యంత్రం పంపారు. నేనే మోసుకెళ్లాను. ఆ రోజు నుంచి మబ్బులాయన తన మాట తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇరవై అయిదేళ్లుగా నోటి దగ్గరే కత్తిరించిన ఆకాశమంతా ఆయన వేళ్లలోకి దిగింది.

వదిన ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. కానీ పొద్దున్నే కాగితం రాగానే ముందు కొండ వరసే చదివేది. ‘పొగమంచు లోయలో పాలగిన్నె తొణికినట్టుంది’ అని ఉంటే ఆ రోజంతా ఆవిడ నడక నెమ్మదిగా ఉండేది. ఇంటికొచ్చి అన్నయ్యకి చదివి వినిపించేది. అన్నయ్య భూతద్దం కంట్లోంచి తీయకుండా తల ఊపేవాడు. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద మెప్పు లేదు.

గొడవ అక్కడే మొదలైంది. కొండ లెక్కలు పిచ్చివైపోయాయి.

ఒకరోజు చెమటలు కక్కించే ఎండలో కొండ మీద నాలుగు పాయింట్ ఆరు మిల్లీమీటర్ల వాన. ఇంకో రోజు, ఊరంతా గొడుగులతో తిరుగుతున్న రోజు, కొండ మీద సున్నా. ఒకరోజైతే రెండు వేల ఎనిమిది వందల మిల్లీమీటర్లు! అంత వాన ఒక్క రోజులో పడితే కొండ మిగలదు, కొండ కింద మేమూ మిగలం. ఇలాంటి అంకెలు నేను చెప్తే చెల్లుతాయి గానీ ఆఫీసు కాగితం చెప్తే చెల్లవు. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు. వచ్చిపోయిన వాన కూడా తెలియని ఆఫీసు అని జనం నవ్వరా?

పెద్దసారు ఏడాది కాగితాలు ముందేసుకుని, ఎర్ర సిరాతో నూట ఆరు గీతలు గీశాడు. మనిషికి వయసు మీద పడింది, వాన కొలిచే డబ్బాలో నీళ్లు చూడటం కూడా రావట్లేదు అన్నాడు. కొండ గదికి తాళం వేసేద్దామన్నాడు. ఆయన్ని ఇంటికి పంపి, అక్కడి రిజిస్టర్లన్నీ నమ్మదగనివని రాసి పాత కాగితాల గదిలో పడేయడానికి నెలాఖరు మీటింగులో సంతకం పెడతానన్నాడు. అంటే ఒక మనిషి ఇరవై ఆరేళ్లు రోజూ కళ్లు పెట్టి చూసిందంతా ఒక్క సంతకంతో అబద్ధం అయిపోతుంది. తాళం కప్ప కొని తెచ్చే పని నాకే చెప్పాడు.

ఆ సాయంత్రం వదిన ఆ నూట ఆరు కాగితాలూ తన గది నేల మీద పరిచింది. నేను తలుపు దగ్గర నిలబడి, జీపులో ఇంటికి వెళదాం రమ్మని రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలిచేలోగా ఆవిడే అడిగింది.

“ఏమయ్యా సగం చదువూ, ఎండ రోజుల్లో పడ్డ వాన ప్రతిసారీ నాలుగు పాయింట్ ఆరే ఎందుకు పడుతుంది? నాలుగూ కాదు, అయిదూ కాదు. ముప్ఫై తొమ్మిది సార్లు.”

దానికి ఆ అంకె నచ్చిందేమో వదినా అన్నాను. ఆవిడ నవ్వలేదు. వంగి, పెన్సిలు మొనతో ఒక వరసలో మబ్బులాయన మాటని అక్షరం అక్షరం లెక్కపెట్టింది. చివర చుక్క దగ్గర ఆగింది. ఇంకో కాగితం తీసి లెక్కపెట్టింది. ఇంకోటి. తర్వాత కిటికీ వైపు తిరిగి చాలాసేపు అలాగే ఉండిపోయింది. బయట మబ్బులు ఒకదాని మీదికి ఒకటి ఒరుసుకుంటూ, ఎక్కడ ఏది ఆగిందో ఏది మొదలైందో తెలియకుండా వెళుతున్నాయి.

“ఎనభై ఒకటి. అన్నీ ఎనభై ఒకటే,” అంది చివరికి. “చుక్కకి కంప్యూటరు పెట్టుకున్న నంబరు నలభై ఆరు.”

అర్థం కాలేదా? నాకూ కాలేదు. కానీ నూట నలభై పేజీల జ్ఞానం ఊరికే పోదు, విన్నాక నేను మీకంటే ముందే అందుకున్నాను. కంప్యూటరు మెమరీ అంటే వీధి పొడుగునా ఆనించి కట్టిన గడుల వరస. ఒక్కో గడిలో ఒక్క అక్షరం కూర్చుంటుంది. ఖాళీ జాగా వదిలినా అదీ ఒక గడే, చుక్క పెట్టినా గడే. అన్నిటి చివరా ‘మాట అయిపోయింది’ అని చెప్పడానికి ఒక సున్నా కూర్చోవాలి. వదిన ఆ రోజుల్లో ఆకాశం మాటకి ఎనభై గడులు కేటాయించింది. అప్పటి తెర మీద ఒక బారుకి ఎనభై అక్షరాలే పట్టేవి, ఆకాశం గురించి అంతకంటే ఎవరేం చెబుతారులే అనుకుంది. ఆ ఎనభై పక్కనే రెండు గడులు వానకి, వాటి పక్కన గాలికి. ముందు అంకెలు నింపి చివర్లో మాట నింపేది ప్రోగ్రాము. మాట ఎనభై దాటితే? వేరే భాష అయితే ఆపి అడుగుతుంది. సి భాష అడగదు. నువ్వు పెద్దమనిషివి, ఏం చేస్తున్నావో నీకు తెలుసు అనుకుని పక్కింట్లోకి దారి వదిలేస్తుంది.

ఎనభై ఒకటో అక్షరం వెళ్లి వాన గడిలో కూర్చుంది. అది చుక్క అయితే, నలభై ఆరు. వానని మిల్లీమీటరులో పదో వంతుల్లో లెక్కపెడతారు గనక నాలుగు పాయింట్ ఆరు. సరిగ్గా ఎనభై రాసి చుక్క పెట్టడం మరిచిన రోజున చివరి సున్నా వెళ్లి వాన మీద కూర్చుని ఉన్న వానని మింగేసింది. ఒళ్లు మరిచి ఇంకా పొడుగ్గా రాసిన రోజున రెండు గడులూ అక్షరాలతో నిండి వేల మిల్లీమీటర్లు కురిశాయి. కత్తెర ఉన్నంత కాలం ఎవరి మాటా ఎనభై దాకా రాలేదు. అందుకే ఇరవై ఒక్క ఏళ్లు ఆ గోడ లేని సంగతి గోడకి కూడా తెలియలేదు.

“తప్పు ఆయనది కాదు,” అంది వదిన. “నాది.”

కాగితాలు చుట్టి చంకన పెట్టుకుని జీపెక్కింది. ఆ రోజు నా కబుర్లకి కూడా గిరాకీ లేదు.

మర్నాడు పొద్దున్నే జీపు తియ్యమంది. కాగితం మీద ఎనభై ఒకటి తేలితే చాలదని, కొండ మీద ఆయన చేత్తో రాసుకున్న రిజిస్టరులో ఆ రోజుల అసలు వాన ఎంతో చూడాలని ఆవిడ పట్టు. ఆ దారి సంగతి మీకు చెప్పాలి. సగం ఎక్కాక మబ్బు మొదలవుతుంది. అది ఎంత దట్టమంటే, ఒకసారి నేను కిటికీ అద్దం దించి చెయ్యి బయట పెడితే చెయ్యి కనబడలేదు, లోపలికి తీసుకున్నాక కూడా కాసేపు కనబడలేదు. ఇంకోసారి వెనక సీట్లో ఒక ముక్క మబ్బు ఎక్కి కూర్చుని, ఊళ్లోకి రాగానే దిగిపోయింది, పోతూ పోతూ సీటు తడిపింది. వదిన ఇవేవీ వినలేదు. అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది. చెట్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి, పలకరించబోయి, మనసు మార్చుకుని తెల్లదనంలోకి వెనక్కి వెళ్లిపోతున్నాయి. జీపు చప్పుడు కూడా ఎవరో దూరంగా వేరే జీపు నడుపుతున్నట్టు వినబడింది. ఉన్నట్టుండి మబ్బు కిందికి జారిపోయి, పైన నీలంగా, నిశ్శబ్దంగా, కడిగిన పళ్లెంలా ఆకాశం. దాని మధ్యలో రాతి గది, గది ముందు సన్నగా పొడుగ్గా ఒక మనిషి.

మబ్బులాయన మమ్మల్ని చూసి తాళం వెయ్యడానికి వచ్చామనుకున్నాడు. తాళం చెవుల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే రిజిస్టర్లు ఇరవై ఆరూ వరసగా సర్ది ఉన్నాయి, ఒక్కోదానికీ గుడ్డ తొడుగు. వదిన తాళం చెవులు పక్కకి జరిపి ఆఖరి రిజిస్టరు తీసుకుంది. ఆవిడ తేదీ చెప్పడం, నేను కాగితం చూడటం. కాగితం మీద నాలుగు పాయింట్ ఆరు ఉన్న చోట రిజిస్టరులో సున్నా. కాగితం మీద సున్నా ఉన్న చోట రిజిస్టరులో పన్నెండు పాయింట్ నాలుగు. నూట ఆరు రోజులు చూశాం. ప్రతి అంకె పక్కనా మూడు చిన్న టిక్కులు. మూడుసార్లు చూసి గానీ రాయడట.

తర్వాత వదిన అడగాల్సింది అడిగింది. ఎక్కువ రోజులు మాట సరిగ్గా అంతే పొడుగు ఎలా వచ్చిందని. ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. ఈ యంత్రం తెర మీద ఒక బారు ఉంటుంది, ఆఫీసు వాళ్లు అంత చోటిచ్చారంటే నింపమనే కదా అనుకున్నానన్నాడు. సగం బారు ఖాళీగా వదిలితే ఆకాశంలో సగం చూడనట్టు ఉంటుందట. అందుకని మాటలు అటూ ఇటూ మార్చి, అంచు దాకా సరిపోయేలా కూర్చేవాడట. ఎనభై నిండాక, చుక్క కింది బారులో పడేది.

“చుక్కదేముంది లెమ్మనుకున్నానమ్మా,” అన్నాడు. “చుక్కంత చుక్క.”

వదిన అంతా చెప్పింది. గడులు, గోడ లేకపోవడం, ఇరవై రెండేళ్ల కిందట తాను అనుకున్న ‘చాల్లే’. ఆయన కోప్పడతాడేమోనని నేను గుమ్మం దగ్గరగా నిలబడ్డాను. ఆయన కోప్పడలేదు. రిజిస్టరు మూసి, తొడుగు సర్ది, అయితే రేపటి నుంచి కుదించి రాస్తానమ్మా, కత్తెర గారిలాగా రాస్తాను, నీ ప్రోగ్రాము జోలికి వెళ్లకు అన్నాడు.

“వద్దు బాబాయ్ గారూ,” అంది వదిన. “మీరు కుదించొద్దు.”

ఆ మాట ఆవిడ ఎంత నెమ్మదిగా అందంటే, పక్కనున్న నాకే సగం వినబడింది.

పెద్దసారు దగ్గరికి ఆవిడ ఒంటరిగా వెళ్లింది. నేను గుమ్మం బయట నిలబడి, వినకూడదనుకుంటూనే అంతా విన్నాను. తప్పు తన ప్రోగ్రాముదని చెప్పి కాగితాలూ రిజిస్టరూ ముందు పెట్టింది. ఆయన చాలాసేపు చూశాడు. సరే, ఎనభై దాటితే అక్కడికి కోసెయ్, ఒక్క పూట పని అన్నాడు. వదిన కొయ్యనంది. పడిన వాన కొలవడానికి డబ్బా చాలు సార్, పడబోయేది చెప్పేది ఆయన మాటే, అందులోనూ అసలు సంగతి వాక్యం చివర్లో ఉంటుంది, తల ఉంచి కాళ్లు కోసేస్తే అది మనదాకా నడిచి రాదు అంది. పెద్దసారుకి చిరాకు వచ్చింది. ఇరవై ఏళ్లు నమ్మిన ప్రోగ్రామే ఇలా చేస్తే కొత్తది చేయదని నమ్మకమేమిటన్నాడు. రిజిస్టరు కూడా ఆయన రాసుకున్నదే కదా అన్నాడు. కడపట ఒక మాట ఇచ్చాడు. పది రోజుల్లో కొత్తది రాయాలి. తర్వాత వారం రోజులు నడపాలి. ఆ వారంలో కొండ లెక్క ఒక్కటి తేడాగా కనబడ్డా తాళమే.

ఆ పది రోజులూ మా ఇంట్లో ఎవరూ గట్టిగా తలుపు వెయ్యలేదు. వదిన ఎనభై గడులు తీసేసింది. ఇప్పుడు వాన పక్కన మాట ఉండదు. మాట ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రం ఉంటుంది. మాట ఎంత పొడుగొస్తే, చివరి సున్నాకి ఇంకొకటి కలిపి, అంత చోటు మెమరీలో వేరే చోట అడిగి తీసుకోవాలి. పిండి కొద్దీ రొట్టె. తీగ మీద మాట వస్తున్నప్పుడు అది ఎంతో ముందు తెలియదు గనక, మొదట చిన్న చోటు తీసుకుని, అది నిండగానే రెట్టింపు అడిగి, మూటా ముల్లే సర్దుకుని అక్కడికి మారాలి. పిల్లలు పుట్టినకొద్దీ అద్దె ఇల్లు మారినట్టు.

ఇల్లు మారిన చోటే మొదటి దెబ్బ తగిలింది. మాట పెద్దింటికి మారింది గానీ ప్రోగ్రాము దగ్గర పాత చిరునామానే ఉంది. కొండ వరసలో ఆకాశం బదులు తీరంలో ఎవరో పంపిన అలల ఎత్తు కనబడింది. ఒక మధ్యాహ్నమంతా వదిన కాగితం గట్టు మీద నడిచి నడిచి, ఆ చిరునామా మార్చని చోటు పట్టుకుంది. ఆ తర్వాత రెండు రోజులు బాగా నడిచి, మూడో రోజు కంప్యూటరు ఆయాసపడి ఆగిపోయింది. రోజూ చోటు అడుగుతోంది గానీ పనయ్యాక తిరిగి ఇవ్వట్లేదు. ఖాళీ చేసిన ఇళ్లన్నిటి తాళం చెవులూ జేబులో వేసుకుని తిరుగుతోందన్నమాట. ఆ సాయంత్రం వదిన అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే పట్టుకుని గోడ వైపు చూస్తూ, “ఇచ్చెయ్యాలి,” అంది. అన్నయ్య ఆ రోజు కోటా మాట తీసి వాడాడు. “ఎవరికి?” అన్నాడు. వదిన అప్పుడే బస్సు దిగినట్టు, “ఆఁ?” అంది.

పదో రోజున ప్రోగ్రాము సిద్ధమైంది. మబ్బులాయనకి ఫోను చేసి, ఇక ఎంతైనా రాయొచ్చని చెప్పింది.

ఆరు రోజులు కొండ లెక్కలు పొల్లుపోలేదు. ఆకాశం మాట రోజురోజుకీ పొడుగైంది, మొదటి రోజు ఒక బారు, నాలుగో రోజు అయిదు బారులు. పక్కన వాన మాత్రం తన గడుల్లో తాను కుదురుగా కూర్చుంది. సున్నా, సున్నా, సున్నా. పెద్దసారు రోజూ కాగితం తానే వచ్చి చూసి వెళ్లేవాడు.

ఏడో రోజు తెల్లారగట్ల నేను కొండకి బ్యాటరీలు మోసుకెళ్లాను. పదకొండింటికి తిరిగొచ్చి మూడో అంతస్తు ఎక్కేసరికి వదిన గదిలో పెద్దసారు నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం, వేలు కొండ వరస మీద. వదిన కుర్చీ అంచున కూర్చుని ఉంది. పెన్సిలు చెవి మీద లేదు, నేల మీద పడి ఉంది, తీసుకోలేదు.

కాగితం మీద కొండ వాన: నాలుగు పాయింట్ ఆరు.

ఊళ్లో చినుకు లేదు. ఆకాశం అద్దంలా ఉంది. వదిన ప్రోగ్రాము మొత్తం కళ్లముందు తిప్పుకుంటోందని, ఎక్కడా తప్పు దొరకట్లేదని ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది. కొండకి ఫోను చేద్దామంది. ఆయన్ని ఆయన గురించే అడిగి ఏం లాభమన్నాడు పెద్దసారు. అప్పుడు నన్ను చూశాడు.

“నువ్వు పొద్దున అక్కడే ఉన్నావు కదా?”

ఉన్నానన్నాను.

“వాన పడిందా? చెప్పు. నీ మాటలో ఎంత తీసెయ్యాలో కూడా నువ్వే చెప్పు.”

నిజం చెప్పొద్దూ, నా గొంతులో అప్పటికే ఒక వాన సిద్ధంగా ఉంది. ఏనుగు తొండాలంత ధారలు, జీపు పడవై తేలిన వైనం, స్టీరింగు వదిలి తెడ్డు పట్టుకున్న నా నేర్పు, అన్నీ వరసలో నిలబడి ఉన్నాయి. గోరంత దొరికితే కొండంత చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య. వదిన నా వైపు చూసింది. ఏం చెప్పమనీ కాదు, ఏం చెప్పొద్దనీ కాదు. ఊరికే చూసింది, అంతే. ఆ చూపుకి వరసలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే కూర్చున్నాయి.

“సన్నగా పడింది సార్. ఆరింటి నుంచి ఏడు దాకా. ఆయన డబ్బాలో నీళ్లు కొలత గ్లాసులో పోసి, మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు చూశాడు. నేనూ చూశాను. నాలుగు పాయింట్ ఆరు.”

ఇంకేమైనా ఉందా అన్నాడు పెద్దసారు. లేదన్నాను. ఆయన ఇంకా ఎదురు చూశాడు. నేను ఇంకా ఏం చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి దానంతటదే చొక్కా భుజం మీదికి వెళ్లింది. ఇంకా తేమగానే ఉంది. పెద్దసారు దగ్గరికొచ్చి, రెండు వేళ్లతో నా భుజం తాకి చూశాడు, వాన కొలిచినంత శ్రద్ధగా.

“నువ్వు ఇంత పొట్టిగా మాట్లాడటం ఈ ఎనిమిదేళ్లలో ఇదే మొదటిసారి,” అన్నాడు. కాగితం కింద తన సంతకం గీసి, బల్ల మీద పెట్టాడు. నేను కొన్న తాళం కప్ప ఏం చెయ్యాలని అడిగాను. నీ నోటికి వేసుకో, అప్పుడప్పుడూ పనికొస్తుంది అని వెళ్లిపోయాడు.

 వదిన వంగి పెన్సిలు తీసుకుని చెవి మీద పెట్టుకుంది. కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఆ రోజు ఆకాశం మాట పైకి చదివింది. పదకొండు బారులుంది. తెల్లవారుజామున సన్న చినుకు, రాళ్ల రంగు మారడం, చినుకు ఆగాక లోయ నిండా మబ్బు కుదురుకోవడం. చివర్లో ఇలా ఉంది: ‘బ్యాటరీలు తెచ్చిన జీపు ఇప్పుడే మబ్బులోకి దిగింది. ముందు చక్రాలు పోయాయి, తర్వాత పై కప్పు పోయింది, హారను మాత్రం కొంతసేపు మబ్బు మీద తేలింది. సాయంత్రానికి ఊళ్లో వాన తప్పదు.’

కిటికీ అవతల తూర్పున, అద్దంలాంటి ఆకాశం అంచున, గోరంత మబ్బు లేస్తోంది.

వదిన కాగితం మడిచి, అన్నయ్యకి చదివి వినిపించడానికి సంచిలో పెట్టుకుంది. చెప్పులు విప్పి కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

“ఇప్పుడు చెప్పవయ్యా,” అంది. “దారిలో ఏం జరిగింది?”

ఏనుగు తొండాలంత ధారలతో మొదలుపెట్టాను. జీపు పడవ అయ్యేసరికి ఆవిడ కళ్లు కిటికీ మీద ఉన్నాయి. తెడ్డు దగ్గరికి వచ్చేసరికి తూర్పు మబ్బు అరచెయ్యంత అయింది. ఒక్కసారి కూడా చాల్లే అనలేదు.